చట్టములోని మాట పెరుగు తీరు

(ఒక పఠనాలయమున జరిగిన సభలో చేసిన యుపన్యాస పాఠము)



చట్టము శిలాశాసనము వంటిదని లోకులు తలంతురు. ఒకసారి చెక్కిన పిదప అక్షరము చెదరదనియు, అక్షరము చెదరనంత కాలము అర్థమును చెదరదనియు వారి నమ్మకము. కోర్టు గడప తొక్కినవారికి ఈ నమ్మకము చాల దినములు నిలువదు. చట్టము మఱ్ఱిచెట్టు వంటిది. నాటినవాడు చూచినది ఒక మొలక. వాని మనుమలు చూచునది ఊడలు దిగి, ఆ ఊడలే మాకులై, మొదటి మాను ఏదియో గుర్తింపరాని తోపు. శాసనసభలో బిల్లును ప్రవేశపెట్టిన పెద్దమనిషి దాని యుద్దేశ మింతే యని చెప్పును. ఆయన మాట నిజమే కావచ్చును. కాని ఆయన యుద్దేశము ఆయనతో పోవును. కాగితముమీది మాట మిగులును. మిగిలిన మాటలో తరువాత వచ్చినవాడు తన యుద్దేశమును పోయును.

ఈ సంగతిని గాలిలో చెప్పిన ప్రయోజనము లేదు. ఒక్క సెక్షను చరిత్రను మొదటినుండి చెప్పెదము. అది ఇండియన్ పీనల్ కోడులోని 124-ఏ. మనవారు దానిని రాజద్రోహపు సెక్షనని పిలిచిరి. పరప్రభుత్వకాలమున దీని భయము లేక నడచిన జాతీయపత్రిక అరుదు. దీనిక్రింద చెరసాల కేగినవారి పటములే నేడు మన పఠనమందిరముల గోడలకు అలంకారములు.

మెకాలే 1837లో సిద్ధపరచిన ముసాయిదాలో 113వ సెక్షనుగా ఈ నేరము కలదు. 1860లో కోడు శాసనమైనప్పుడు ఆ సెక్షను అందులో లేదు. పొరపాటున జారిపోయినదని సర్కారువారు పిదప చెప్పుకొనిరి. పదేండ్లపాటు అది లేకయే సామ్రాజ్యము నడచినదను సంగతి గమనింపదగినది. 1870లో వైస్రాయి కౌన్సిలున న్యాయశాఖను చూచుచుండిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ దానిని 124-ఏ అను పేర కోడులో చేర్చెను. శిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసమువరకును పోవచ్చును. అయినను సెక్షను క్రింద ఒక వివరణ చేర్చబడెను. సర్కారుకు విధేయుడై యుండి, దానిని అక్రమముగా కూలద్రోయు ప్రయత్నములను ఎదిరించుటకు సిద్ధముగా నున్నవాడు సర్కారు చర్యలను ఎంత గర్హించినను అది నేరము కాదని ఆ వివరణ సారాంశము. చదువుటకు ముచ్చటగానే యున్నది. నాటి విద్యావంతులు ఈ వివరణను చూచి ఊరడిల్లిరేని మేము వారిని తప్పుపట్టము.

సెక్షను ప్రాణము ఒక్క మాటలో నున్నది. ఇంగ్లీషున దానిని డిసఫెక్షన్ అందురు. తెనుగున నేమనవలెను? అప్రీతి యనినచో మెత్తన. ద్రోహబుద్ధి యనినచో కఠినము. విముఖత యనినచో నడిమి దారి. అనువాదకునకు కలుగు ఈ చిక్కే న్యాయాధిపతులకును కలిగినది. ఆ చిక్కును వారు విప్పిన తీరునుబట్టి మనుష్యులు ఇంట నుండుటయో మాండలే కోటలో నుండుటయో నిర్ణయమైనది.

ఇరువదేండ్లకు పైగా ఆ సెక్షను నిద్రించెను. 1891లో కలకత్తాలో ‘వంగవాసి’ పత్రికవారిపై మొదటి కేసు నడచెను. సమ్మతి వయస్సును పదినుండి పండ్రెండేండ్లకు పెంచిన శాసనమును ఆ పత్రిక దూషించినది. (ఆ శాసనమునందు మా సానుభూతి సర్కారు పక్షముననే యని చెప్పక తప్పదు. చెడ్డ చట్టపు తొలివేటు మనకు నచ్చని వానిపై పడుటయు, మనము ఊరకుండుటయు సాధారణముగా జరుగునవే.) ప్రధాన న్యాయమూర్తి పెథరామ్ డిసఫెక్షన్ అనగా అనురాగమునకు విరుద్ధమైన భావమని జూరీకి బోధించెను. జూరీవారు ఏకాభిప్రాయమునకు రాలేదు. పత్రికవారు క్షమాపణ చెప్పుకొనిరి; కేసు ముగిసెను. తీర్పు లేదు, శిక్ష లేదు. కాని వ్యాఖ్యానము మాత్రము లా రిపోర్టులలో నిలిచిపోయెను.

1897లో పూనాలో ప్లేగు ప్రబలెను. ప్లేగు నివారణ పేరిట ఇండ్లలో జొరబడిన అధికారులపై జనుల గుండె మండుచుండెను. జూన్ 15వ తేదీ ‘కేసరి’లో శివాజీ ఉత్సవమును గూర్చిన వ్రాతలు ప్రకటితమయ్యెను. జూన్ 22వ తేదీ రాత్రి ప్లేగు అధికారి ర్యాండుపై తుపాకి ప్రేలెను. ఆ హత్యకును ఈ వ్రాతలకును సంబంధమున్నట్లు రుజువు లేదు. తిలక్ మహాశయుడు 124-ఏ క్రింద బొంబాయి హైకోర్టున నిలుపబడెను. జడ్జి స్ట్రాచీ జూరీకి బోధించినదేమనగా: డిసఫెక్షన్ అనగా అనురాగము లేకుండుట, ద్వేషము, వైరము, అయిష్టము, తిరస్కారము, ఏ రూపమున నుండు దుర్భావమైనను అందులో చేరును, ఆ భావము కొంచెమా గొప్పయా యను విచారణ అక్కరలేదు, దానివలన అల్లరి పుట్టెనా లేదా యను విచారణయు అక్కరలేదు. జూరీలో ఆరుగురు తెల్లవారు నేరస్థుడనిరి. ముగ్గురు దేశీయులు కాదనిరి. పదునెనిమిది నెలల కఠినశిక్ష పడెను.

ఇచట కొంచెము నిలువవలెను. స్టీఫెన్ వ్రాసిన సెక్షనులో ఒక్క అక్షరమైన మారలేదు. అల్లరి పుట్టించు వ్రాత నేరమని జనులు తలంచిన సెక్షను, ప్రేమ లేకపోవుటయే నేరమను సెక్షనుగా మారెను. వకీళ్లమగు మాకు దాంపత్య హక్కుల దావాలు తెలిసినవే. భార్య కాపురమునకు రావలెనని కోర్టు డిక్రీ ఇయ్యగలదు గాని, మగనిపై అనురాగము కలిగియుండవలెనని డిక్రీ ఇచ్చిన కోర్టు భూమిమీద లేదు. ఆలుమగల మధ్య చేయలేని పనిని పాలకునకును పాలితునకును మధ్య చేయుటకు ఆ దినమున పూనుకొనిరి. ఇరువదియైదేండ్ల పిమ్మట, 1922 మార్చి 18వ తేదీన, అహమదాబాదులో జడ్జి బ్రూమ్‌ఫీల్డు నెదుట ‘యంగ్ ఇండియా’ వ్యాసములకై నిలిచిన గాంధీమహాత్ముడు ఈ మర్మమునే పట్టుకొని, అనురాగమును చట్టముచేత పుట్టింపజాలరని చెప్పి, నేరము నొప్పుకొని, ఆరేండ్ల శిక్షను స్వీకరించెను.

1898లో శాసనకర్తలు సెక్షనును సవరించిరి. జడ్జి హద్దు మీరెనని వారు దిద్దలేదు. ఆయన చెప్పినదానినే సెక్షనులోనికి ఎక్కించిరి. ద్వేషము, తిరస్కారము అను మాటలు మూలములో చేరెను. రాజభక్తి లేమియు, సర్వవిధములైన వైరభావములును డిసఫెక్షన్ క్రిందికి వచ్చునని వివరణ చేర్చబడెను. తగవులాడు జాతులనుగూర్చిన 153-ఏ అను మరియొక సెక్షను ప్రక్కనే మొలచెను. మొదట మాట, పిదప దానికి వ్యాఖ్య, పిదప ఆ వ్యాఖ్యయే మాట. ఊడ నేలను తాకి మానగుట యనిన నిదియే.

1908లో ఆ నీడ మన తెనుగుదేశముమీద పడెను. బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో తిరునల్వేలి కాల్పులను నిందించిన వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి మూడేండ్ల శిక్ష విధింపబడెను. వేలూరు జైలులో ఆయన పడిన పాట్లు మన పెద్దలు కథలుగా చెప్పుకొనిరి. పిదప ఆయనయే ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు పెద్దదిక్కయ్యెను గనుక, ఇట్టి పఠనాలయమున కూర్చుండి 124-ఏను గూర్చి మాటలాడునప్పుడు ఆయన పేరు తలంపకుండుట కృతఘ్నత యగును. అదే యేడు జూలైలో తిలక్ మహాశయునకు రెండవమారు శిక్ష పడెను. ఈమారు ఆరేండ్ల ద్వీపాంతరవాసము, మాండలేలో. శిక్ష విధించిన జడ్జి దావరు 1897లో ఆ తిలక్‌గారికే బెయిలు కొరకు వాదించి గెలిచిన బారిస్టరు. మనిషి చెడ్డవాడని మేమనము. పీఠ మెక్కినప్పుడు ఆయన చేతి కందినది పదునొకండేండ్ల క్రిందటి సెక్షను కాదు, స్ట్రాచీ వ్యాఖ్యతోను 1898 సవరణతోను బలిసిన సెక్షను. బొంబాయి మిల్లు కూలీలు ఆ శిక్షకు నిరసనగా ఆరు దినములు పనికి పోలేదు.

1910 నాటి ప్రెస్ యాక్టును గూర్చి రెండు మాటలు చాలును. క్రొత్తగా ముద్రాలయము పెట్టువాడు ఐదువందలనుండి రెండువేల రూపాయలవరకు ధరావతు కట్టవలెను. వ్రాత సర్కారునకు రుచింపనిచో అది జప్తు. నేరము మోపనక్కరలేదు, జూరీ అక్కరలేదు. 1916లో అనిబిసెంటమ్మగారి ‘న్యూ ఇండియా’ ధరావతు రెండువేలును జప్తయ్యెను. ఆమె స్వయముగా వాదించినను మదరాసు హైకోర్టు అడ్డుపడలేదు. నేరస్మృతిలో పుట్టిన మాట కచేరీ గుమాస్తా చేతి రబ్బరు ముద్ర యయ్యెను.

ఇక విస్తరించినది కుదించుకొనుటకు చేసిన ప్రయత్నములు. 1942లో ఫెడరల్ కోర్టు ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్ ఈ నేరమునకు ప్రాణము శాంతిభంగమేయనియు, శాంతిభంగమును తలపింపని వట్టి దూషణ నేరము కాదనియు తీర్పు చెప్పెను. ఐదేండ్లకు, 1947లో, లండనులోని ప్రివీ కౌన్సిలు ఆ తీర్పును త్రోసివైచి, స్ట్రాచీ యర్థమే సరియైన యర్థమని స్థిరపరచెను. దొరలు పెట్టెలు సర్దుకొనుచున్న యేడు అది. ఇల్లు ఖాళీచేయువాడు పోవుచు పోవుచు తాళమును మరింత బిగించి పోయినట్లున్నది.

స్వతంత్రులమైనంతనే మనమేమి చేసితిమి? రాజ్యాంగ ముసాయిదాలో వాక్స్వాతంత్ర్యమునకు మినహాయింపులలో రాజద్రోహము చేర్చబడియుండెను. 1948 డిసెంబరులో కె. ఎమ్. మున్షీగారు ఆ మాటను తీసివేయవలెనని సవరణ తెచ్చిరి, సభ అంగీకరించెను. రాజ్యాంగమునుండి మాట పోయినది. పీనల్ కోడులో నిలిచినది. 1951లో ప్రధాని నెహ్రూగారు పార్లమెంటులో ఈ సెక్షను మిక్కిలి ఆక్షేపణీయమైనదనియు, ఎంత త్వరగా వదలించుకొనిన అంత మేలనియు పలికిరి. ఆయన ఆ పిమ్మట పదమూడేండ్లు ప్రధానిగా నుండిరి. సెక్షనును కోడులోనే యుండెను. ఆ 1951లోనే, ఆ ప్రసంగము జరిగిన సందర్భముననే, మొదటి రాజ్యాంగ సవరణ వాక్స్వాతంత్ర్యపు మినహాయింపులను విస్తరింపజేసెను. ‘సహేతుకమైన’ అను విశేషణమును మాత్రము చేర్చెను. ఆ ఒక్క విశేషణము తరువాత న్యాయస్థానములకు మంచి పనిముట్టయ్యెనని న్యాయముగా ఒప్పుకొనవలెను.

పంజాబు హైకోర్టును, 1958లో అలహాబాదు హైకోర్టును సెక్షను చెల్లదనెను. 1962లో కేదారనాథ్ సింగు కేసున సుప్రీంకోర్టు అది చెల్లుననెను. కాని అర్థమును గ్వయరు చెప్పిన కొలతకు కుదించెను. హింసకు పురికొల్పుటయో, శాంతిభంగము కలిగించు ఉద్దేశమో స్వభావమో కలిగినదే నేరము. ప్రభుత్వమును ఎంత తీవ్రముగా విమర్శించినను నేరము కాదు. మంచి తీర్పు. అయినను పాఠములో నుండి ఒక్క మాట తీయలేదు. ద్వేషము, తిరస్కారము, అప్రీతి యను మాటలన్నియు 1898లో ఎట్లుండెనో అట్లే అచ్చులో నిలిచెను.

మా వృత్తిలో చూచినదాని సారమంతయు ఇచటనే యున్నది. పోలీసు ఠాణాలో నుండునది సెక్షను. దాని అర్థము నుండునది లా రిపోర్టులలో. సబినస్పెక్టరు బల్లమీది కోడులో అప్రీతి యను మాట కనబడును. కేదారనాథ్ సింగు కనబడడు. ఆ పేరు కనబడుట వకీలును పెట్టుకొని హైకోర్టుదాక పోయిన పిదప. ఆలోగా ముద్దాయి జైలులో నెలలు గడపును, ఉద్యోగమును పోగొట్టుకొనును. తుదకు నిర్దోషియని విడువబడినచో చట్టము నిష్పక్షపాతముగా పనిచేసినదని పత్రికలు వ్రాయును. దీనికి తోడు, 1974 ఏప్రిల్ 1నుండి అమలునకు వచ్చిన క్రిమినల్ ప్రొసీజరు కోడు ఈ నేరమును వారంటు లేకయే అరెస్టు చేయదగిన నేరముగా మార్చెను. స్టీఫెను ఇయ్యని యధికారము అది. దానిని ఇచ్చినది పరప్రభుత్వము కాదు.

స్వేచ్ఛకు సంబంధించిన మాటలు పెరుగలేదా యని మీరడుగవచ్చును. పెరిగినవి. రాజ్యాంగము 19వ అధికరణమున పత్రికయను మాటయే లేదు. బొంబాయినుండి వెలువడుచుండిన ‘క్రాస్ రోడ్స్’ అను వారపత్రికను మదరాసు రాష్ట్రములోనికి రానీయనందున, 1950లో సుప్రీంకోర్టు, వాక్కులో పత్రికయు, పత్రికలో దాని పంపిణీయు చేరియున్నవని చెప్పెను. 2002లో అభ్యర్థుల నేరచరిత్రను తెలిసికొను ఓటరు హక్కు ఆ వాక్కులోనే కనుగొనబడెను. 2020లో ఇంటర్నెట్టు ద్వారా చేయు భావప్రకటనయు దానిలో చేరెను. ఇవియు మఱ్ఱి ఊడలే, సంతోషింపదగినవి.

కాని రెండు పెరుగుదలలకును భేదము కలదు. అధికారపు మాట పెరుగుటకు ఖర్చు లేదు. ఒక ఉద్యోగి దానిని ఒకమారు కొంచెము సాగదీసి వాడును, ఎవ్వరును అడ్డగింపరు, రెండవమారు అదియే వాడుక యగును. స్వేచ్ఛ మాట పెరుగుటకు మాత్రము ఎవడో ఒకడు తన సొమ్ము, తన కాలము, ఒక్కొక్కప్పుడు తన స్వేచ్ఛనే పెట్టుబడి పెట్టి న్యాయస్థానపు మెట్లెక్కవలెను. ఎక్కి గెలిచినను ఆ గెలుపు ఠాణావరకు చేరునన్న నమ్మకము లేదు. సమాచార సాంకేతిక చట్టములోని 66-ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చిలో కొట్టివేసెను. ఆరేండ్లకు, 2021లో, ఆ చచ్చిన సెక్షను క్రింద ఇంకను కేసులు పెట్టుచున్నారని విని ఆ కోర్టే ఆశ్చర్యపోయెను. మన తాతలు దయ్యములను గూర్చి చెప్పిన కథలను నవ్వులాటకు త్రోసివేయుదుము గాని, చట్టములకు మాత్రము దయ్యములు కలవు.

2022 మే 11వ తేదీన సుప్రీంకోర్టు 124-ఏను నిలిపియుంచెను. 2023 ఆగస్టులో లోకసభయందు రాజద్రోహము రద్దగుచున్నదని ప్రకటన జరిగెను. 2024 జూలై 1నుండి పీనల్ కోడు స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చెను. పాత పేరు పోయినది. అప్రీతి, ద్వేషము, తిరస్కారము అను మాటలును పోయినవి. ఉద్దేశపూర్వకముగానో తెలిసియో చేసినదే నేరమను నియమము చేరినది. ఇవి మేలే యని చెప్పుటకు మేము వెనుదీయము. అయితే 152వ సెక్షనును చదువుడు. వేర్పాటును, సాయుధ తిరుగుబాటును పురికొల్పుట నేరమని యున్నది. దానితో ఎవరికిని పేచీ లేదు. వానితోబాటు విధ్వంసక కార్యకలాపములనియు, వేర్పాటు కార్యకలాపముల ‘భావనల’ను ప్రోత్సహించుటయనియు, సార్వభౌమత్వమును ఐక్యతను అపాయమున పడవేయుటయనియు కలదు. ఏ కార్యకలాపము విధ్వంసకమో, ఏ భావన ప్రోత్సాహకమో సెక్షను చెప్పలేదు. యావజ్జీవము కానిచో లోగడ మూడేండ్లవరకు ఉండిన కారాగారశిక్ష ఏడేండ్లవరకు పెరిగినది. 1897లో గుండెలోని భావమును కొలుచుటకు బయలుదేరిన చట్టము భావమును ఇంకను విడిచిపెట్టలేదు.

మన భాషలో జరిగిన మరియొక మార్పును ఇచట చెప్పవలసియున్నది. 124-ఏ మాటలాడినది చట్టబద్ధమైన ప్రభుత్వమును గూర్చి, దేశమును గూర్చి కాదు. మన పెద్దలు దానిని రాజద్రోహమనిరి. రాజు వేరు, దేశము వేరు. రాజునకు ద్రోహియనిపించుకొనుటయే దేశభక్తికి గుర్తుగా వారు భావించిరి. రాజు పోయిన పిదప ఆ మాట మనకు ఎబ్బెట్టుగా తోచెను కాబోలు, పత్రికలు దేశద్రోహమని వ్రాయ మొదలుపెట్టెను. సభలలోను అదే మాట, బజారులోను అదే మాట. రెండక్షరముల మార్పు. దానితో ప్రభుత్వము దేశముగా మారిపోయినది. ఏ జడ్జియు తీర్పు చెప్పలేదు, ఏ శాసనసభయు సవరణ చేయలేదు. మనమే, మన పత్రికలలోనే, మాటను సాగదీసితిమి. మంత్రి పనిని గర్హించినవాడు రాజద్రోహియైనచో ఊరివారు వానిని చూచి నవ్వుకొని యుందురు. దేశద్రోహి యనినచో వానికి అద్దెయిల్లు దొరకదు. చట్టముకంటె ముందు భాష విస్తరించునను మాటకు ఇంతకన్న దృష్టాంతము మాకు దొరకలేదు. ఈ దోషములో పత్రికలవారితోబాటు పాఠకులకును భాగము కలదు.

దేశమునకు రక్షణ వలదా యని కొందరు మిత్రులు అడుగుదురు. వలయును. ప్రభుత్వముపై యుద్ధము చేయుట 1860 నాటి కోడులోనే 121వ సెక్షను క్రింద నేరము; నేటి సంహితలోను నేరమే. తుపాకి పట్టినవానిని పట్టుటకు అప్రీతి యను మాట ఎన్నడును అవసరము కాలేదు. ఆ మాట అవసరమైనది కలము పట్టినవానికే. ఇంగ్లండువారు తమ దేశములో ఈ నేరమును 2009 శాసనముచేత ఎత్తివేసిరి. వారి నేల నేమియు కడలిలో కలియలేదు.

సభ ముగియకముందు ఒక చిన్న పనిని గూర్చి. 1870 నాటి సెక్షనును, 1898 సవరణ పాఠమును, 2024 నాటి 152వ సెక్షనును తెనుగున ప్రక్కప్రక్కగా పెద్ద యక్షరములతో వ్రాయించి ఈ పఠనాలయపు గోడకు తగిలింపవలసినదని కార్యదర్శిగారిని కోరితిమి, వారు సమ్మతించిరి. అనువాదములో తప్పు దొర్లకుండ మేము సరిచూచెదము. ప్రతి కాగితమునకును క్రింద వెడల్పుగా అంచు విడిపింతుము. అర్థము కాని మాట కనబడినచో దాని క్రింద పెన్సిలుతో గీత గీయుడు. నెల దాటిన పిదప ఏ మాట క్రింద ఎన్ని గీతలు పడినవో చూచి, మొదట దానిని గూర్చియే మరల మాటలాడుకొందము.